సరిగ్గా ఉన్న పియానో మీద ఫిర్యాదు

పియానో ఉన్న ఇంట్లో డబ్బుంటుందని లోకం అనుకుంటుంది. ఉంటుందేమో కానీ, శ్రుతి చేసే ట్యూనర్ చేతిలో పెట్టాల్సి వచ్చేసరికి ఆ డబ్బుకి కాళ్లు పడిపోతాయి. ఈ సంగతి పియానోల దుకాణం వెనకగదిలో కూర్చునే సర్దుబాటమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సర్దుబాటమ్మ అనేది అసలు పేరు కాదు. ఫీజు గురించి పేచీ పెట్టే ప్రతివాళ్లతోనూ "ఏదో ఒకటి సర్దుబాటు చేద్దామండీ" అని మొదలుపెడుతుంది గనక దుకాణంలోవాళ్లు పెట్టిన పేరు. ముందు చాటుగా అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫోనెత్తి ఆమే ఒక్కోసారి ఆ పేరు చెప్పబోయి ఆగుతుంది.

మీవాడు గంటలో పని ముగించి పోయాడు, దానికింత ఫీజా అనేవాళ్లు కొందరు. పూటంతా ఉంటే, పని రాక పూటంతా కూర్చున్నాడనేవాళ్లు కొందరు. వారం తిరక్కుండా మళ్లీ శ్రుతి తప్పిందనేవాళ్లని, ఎండ పడే కిటికీ పక్కన గానీ పెట్టారా అని అడగాలి. మా పిల్ల వాయిస్తే ఇప్పటికీ బాగాలేదే అని అడిగే తల్లులకి మాత్రం జవాబు చెప్పడం కష్టం. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మనసులో అనుకోవచ్చు, పైకి అనకూడదు.

వీటన్నిటికీ ఆమె దగ్గర ఒకటే పద్ధతి. ఫోను పియానో మీద పెట్టి, తను చెప్పిన మెట్లు నొక్కమంటుంది. రిసీవర్‌ని ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సొరుగులోంచి శ్రుతిదండం తీసి మోకాలికేసి కొట్టి, దాని కాడని కుడిచెవి వెనక ఎముకకి ఆనించుకుంటుంది. ఒక చెవిలో ఉండాల్సిన శ్రుతి, ఇంకో చెవిలో ఉన్న శ్రుతి. తేడా తెలిసిపోతుంది. తెలిసిన వెంటనే "చాలండీ, వినిపించింది" అనాలి. అనకపోతే జనం ఆపరు. ఇన్నాళ్లకి వినేవాళ్లు దొరికారు కదా అని వచ్చిందంతా వాయించేస్తారు. రోజు మొత్తం మీద ఆమె ఎక్కువసార్లు అనే మాట అదే.

పేచీలో ఫోను చేసినవాళ్లు గెలిస్తే దుకాణానికి పోయేదేం లేదు. తిరిగిచ్చిన ఫీజుని ట్యూనర్ జీతంలోంచి కోసేస్తారు. పని బాగా చేసుంటే ఫిర్యాదెందుకొస్తుందని యజమాని వాదన. అందుకని ఆమె కుర్చీ మీద కూర్చోవడమంటే కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కప్ప ఎవరో పాము ఎవరో ఒక్కోసారి ఆమెకే తెలిసేది కాదు.

సోమవారం పొద్దున్న వచ్చిన ఫోను మాత్రం ఈ రకాల్లో దేనికిందకీ రాలేదు. మాట్లాడింది ఒక ముసలాయన. ఒకప్పుడు దర్జీనని, దగ్గరి చూపు ఆనక పని మానేశానని, పియానో బిల్లు కట్టనని మూడు ముక్కల్లో చెప్పాడు. గొంతులో కోపం లేదు. కోపం లేనివాళ్లంటే సర్దుబాటమ్మకి భయం. అరిచేవాడు కాసేపటికి అలసిపోతాడు, అరవనివాణ్ణి అలసిపోయేలా చేయడం ఎవరి తరమూ కాదు.

పియానో వినిపించమంది. ఆయన ఓపిగ్గా ఒక్కొక్క మెట్టూ నొక్కాడు. కింది నుంచి పైదాకా ఎక్కడా వంక లేదు. ఇంత శుభ్రమైన పని ఈ మధ్యకాలంలో ఆమె వినలేదు.

"చాలండీ, వినిపించింది. మీ పియానో సరిగ్గానే ఉందండీ."

"సరిగ్గానే ఉందమ్మా. అదే నా ఫిర్యాదు," అన్నాడు దర్జీ.

వేళాకోళమేమో అనుకుంది. కాదు. ఇంతకుముందు ఆ పియానో కొంచెం కిందికుండేదట, ఇప్పుడు పైకెళ్లిందట, తనకి కిందిదే కావాలట. ట్యూనర్‌ని పిలిచింది తను కాదు. మేనకోడలు చూడ్డానికొచ్చి, ఒక మెట్టు నొక్కి మొహం అదోలా పెట్టి, నీ పియానో పాడైపోయింది మావయ్యా, నేను బాగు చేయిస్తానని దుకాణానికి ఫోన్ చేసి వెళ్లిపోయింది. బిల్లు మటుకు ఈయన పేరున వచ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు అంటే ఇదే కాబోలు. ఎందుకు కిందికి కావాలో మాత్రం చెప్పలేదు. కట్టనమ్మా అని ఇంకోసారి మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

మధ్యాహ్నం ట్యూనర్ వచ్చాడు. కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. సంగతి విని సంచీ కింద పెట్టాడు. ఆ పియానో దాదాపు అర మెట్టు కిందికి జారి ఉందట. ఒక తీగ లాగితే పక్క తీగ సడలుతుంది గనక, ముందు అన్నిటినీ ఒక విడత పైకి లాగి, కాసేపు వదిలేసి, మళ్లీ మొదటినుంచీ రావాలి. అందుకే రెండింతల ఫీజు. పాత తీగలు తెగుతాయేమోనని తీగ చుట్టిన పిన్నుని వెంట్రుకవాసి తిప్పడం, ఆగడం, మళ్లీ వెంట్రుకవాసి తిప్పడం.

"నేను చేసినవాటన్నిట్లోకీ అది మంచి పని అక్కా. దానికే కోత పెడితే ఇంక చెవులు కోసి అమ్ముకోవాలి," అన్నాడు. అసలు అది అంతకుముందు తన మామగారు చూసుకునే పియానో అని, మూత లోపల ఆయన సంతకం ఉందని, చేతకాకో బద్ధకంతోనో అలా కిందికి వదిలేశాడని కూడా అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కొంచెం సంతోషంగానే ఉన్నాడు. మామగారి తప్పు దిద్దే అవకాశం ఏ అల్లుడికైనా రోజూ రాదు.

శనివారం లోపల తేల్చెయ్, తేలకపోతే కోసెయ్ అన్నాడు యజమాని, తలెత్తకుండా.

మర్నాడు దుకాణం కట్టేశాక సర్దుబాటమ్మ దర్జీ ఇంటికి బయల్దేరింది. ఇళ్లకి వెళ్లడం ఆమె పని కాదు. తిన్నగా తన గదికి వెళ్లినా అక్కడ ఎదురుచూసేవాళ్లెవరూ లేరు గనక, దారి కాస్త పెరిగినా పోయేదేం లేదనుకుంది. ఇలాంటి లెక్కలు ఆమె ఈ మధ్య తరచు వేసుకుంటోంది.

దర్జీ ఉండేది మూడో అంతస్తులో. గది మధ్యలో పాత కత్తిరింపు బల్ల అలాగే ఉంది, దాని మీదే తిండి, దాని మీదే మందులు. అంచున అరిగిపోయిన సుద్దముక్కలు ఒక గిన్నెలో ఉన్నాయి. పియానోని లోపలి గోడకి ఆనించి పెట్టాడు. చేసుకున్న టీలో సగం ఆమెకి పోసిచ్చి, ఆమె తాగుతుంటే తేరిపార చూశాడు.

"మీ ఎడమ భుజం కొంచెం పైకుందమ్మా. ఫోను అటే ఇరికించుకుంటారు కాబోలు. జాకెట్టు కుట్టేవాడు అది చూసుకోకపోతే మెడ దగ్గర లాగుతుంది."

మెడ దగ్గర లాగుతూనే ఉంది. ఎన్నేళ్లుగానో లాగుతోంది. ఒక మనిషి తన భుజాన్ని చూసి ఎంతకాలమైందోనన్న ఆలోచన వచ్చి ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది. టీ వేడిగా ఉందని అబద్ధమాడింది.

ఫీజు సంగతి ఎత్తబోతే, ఒక్క ఐదు నిమిషాలు ఆగమన్నాడు. కిటికీలోంచి వెలుతురు తగ్గుతోంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, చిన్నపిల్లలు నేర్చుకునేలాంటి ఒక నెమ్మదైన వరస వాయించడం మొదలుపెట్టాడు. గొప్పగా ఏం వాయించలేదు. కుట్టు సూటిగా వేసేవాడిలాగా, తొందర లేకుండా, ఎక్కడా తప్పకుండా వాయించాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి ఇంకో పియానో మొదలైంది. కింది మెట్ల మీద రెండు మూడు సార్లు కదిలింది. ఈ పియానో శ్రుతి ఒక చోట, ఆ పియానోది ఒక చోట. రెండూ కలిసి చెవిలో ఇసుక పోసినట్టయింది. అవతలి వాయింపు ఆగిపోయింది. తర్వాత మూత మూసిన చప్పుడు వచ్చింది.

దర్జీ చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రోజూ ఇంతేనమ్మా. మీవాడు వచ్చి వెళ్లినప్పట్నుంచీ. నిన్నటిదాకా కొంచెంసేపు ప్రయత్నించేవారు. ఇవాళ ఇంతే."

అవతల ఎవరుంటారని అడిగింది. తెలియదన్నాడు. ఆడో మగో కూడా తెలియదు. ఆ ఇంటి వాకిలి వెనక వీధిలోకి ఉంది, మెట్లు వేరు. పాత ట్యూనర్ ఒకసారి పని చేస్తూ చేస్తూ, గోడవతల కూడా నా చేతికింద పియానో ఒకటుంది, దీనికీ దానికీ పొత్తు కుదిర్చాను అని పెళ్లిళ్ల పేరయ్యలా నవ్వాడట. ఆ సాయంత్రం దర్జీ ఊరికే వాయిస్తుంటే అవతలివారు కింది వరస కలిపారు. అప్పట్నుంచి ఏళ్ల తరబడి అదే వేళకి ఈయన పైవరస, వారు కిందివరస. ఒకసారి దర్జీకి జ్వరమొచ్చి వాయించలేదు. అవతలివారు ఒకే ఒక్క మెట్టుని మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉన్నారు. ఈయన గోడ పట్టుకుని లేచొచ్చి అదే మెట్టు నొక్కేదాకా నొక్కుతూనే ఉన్నారు.

"వెళ్లి తలుపు తట్టి చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"ఏమని చెప్పను? తలుపు తడితే పొరుగువాళ్లమైపోతామమ్మా. నీళ్ల పంపు గురించి, చెత్తబుట్ట గురించి మాట్లాడుకోవాలి. వాళ్లకి నేనెలా ఉంటానో తెలుస్తుంది, నాకు వాళ్లెలా ఉంటారో తెలుస్తుంది. ఇప్పుడున్నది పోతుంది." బల్ల మీది గుడ్డముక్క ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "పైగుడ్డా లోగుడ్డా కలిపి కుట్టేముందు రెండూ ఉతకాలి. లేదా రెండూ ఉతక్కూడదు. ఒకటి ఉతికి ఒకటి ఉతక్కుండా కుట్టామో, మొదటి వానకే ముడుచుకుపోతుంది. మీవాడు ఒకటే ఉతికాడు."

ఇదంతా మొదటే ఎందుకు చెప్పలేదని అడిగింది. అంతకుముందు రెండుసార్లు ఫోన్ చేశాడట. ముందు కౌంటర్లో ఎవరో ఎత్తి, సరిగ్గానే ఉంది కదండీ అని పెట్టేశారు. బిల్లు కట్టనన్నాకే ఫోను ఆమె దాకా వచ్చింది. ఇది విని సర్దుబాటమ్మకి నిజంగా సిగ్గేసింది. అయినా వచ్చిన పని ఉంది గనక, కట్టకపోతే ఆ డబ్బు ట్యూనర్ జీతంలోంచి పోతుందని, దుకాణానికేం కాదని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

దర్జీ మొహం పాలిపోయింది. వెంటనే లేచి, బొత్తాల డబ్బా మూత తీసి, అడుగున ఉన్న నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పనివాడి కూలి ఆపేవాణ్ణి కాదమ్మా నేను, ఆ మాట అతనికి చెప్పండి అన్నాడు. పియానో ఊసు మళ్లీ ఎత్తలేదు.

పేచీ తేలిపోయింది. డబ్బు సంచీలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, ముసలాయన జేబు కొట్టేసి పారిపోతున్నట్టు అనిపించింది ఆమెకి. గదికి చేరి దీపం వేసి మంచం మీద కూర్చుంది. మంచం పక్క గోడకి అవతల ఉండేది లిఫ్టు. అది పైకెళ్లింది, కిందికొచ్చింది, మళ్లీ పైకెళ్లింది. గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి ఆ భాగ్యం కూడా లేదు.

బుధవారం యజమాని ఆమెని మెచ్చుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా అన్నాడు. ట్యూనరైతే ఆమె బల్ల మీద మిఠాయి పొట్లం పెట్టాడు. ఆమె పొట్లం విప్పకుండా, దర్జీ చెప్పినదంతా చెప్పి, ఆ పియానోని మళ్లీ కిందికి దించి రమ్మంది.

అతను ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. వైద్యుణ్ణి పిలిచి, రోగికి తగ్గిన జ్వరం మళ్లీ తెప్పించమన్నట్టుందన్నాడు. డబ్బు ముట్టాక ఇంకా ఈ గోలేమిటన్నాడు. తన చేత్తో చేసిన మంచి పనిని తన చేత్తోనే పాడుచేసి, రేపు ఇంకో ట్యూనర్ వచ్చి మూత తీస్తే పరువేం కావాలన్నాడు. అతని కోపంలో న్యాయం ఉంది. అది ఉందని తెలిసే ఆమె వాదించలేదు. మీ మామగారు ఎందుకలా వదిలారో ఒకసారి అడుగుదామా తమ్ముడూ అని మాత్రం అంది. అడగడానికేముంది, బద్ధకం అన్నాడు. అయినా సాయంత్రం తనతో ఇంటికి తీసుకెళ్లాడు.

ట్యూనర్ ఇల్లు ఆమె గదికంటే పెద్దదేం కాదు. కానీ అందులో అతని భార్య ఉంది, ఆరేసిన బట్టలున్నాయి, మంచం కింద దాక్కున్న పిల్ల ఉంది, కిటికీ దగ్గర వాలుకుర్చీలో మామగారున్నారు. అడుగు వేయాలంటే ఎవరో ఒకరు జరగాలి. తనకోసం ఇంతమంది జరగడం ఆమెకి ఎంత బాగుందో చెప్పుకుంటే నవ్వుతారు.

మామగారు సంగతంతా విని అల్లుడి వైపు చూశాడు.

"నాది బద్ధకం అన్నావట కదా."

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె గబగబా వంటగదిలోకి పోయింది.

"అవతలింటి పియానో తీగలు తుప్పు పట్టినవి," అన్నాడు మామగారు. "పైకి లాగబోతే ఒకటి తెగి ఇక్కడ కొట్టింది." చెంప మీద సన్నటి గీత చూపించాడు. "దాన్ని పైకి తేలేం. ఇటుదాన్ని సరైన చోటే ఉంచితే, సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ చెవులు మూసుకోవాలి. గోడ మందమెంత, అట్టముక్కంత. అందుకని దీన్నే దాని దగ్గరికి దించాను. ఒక పియానోకి శ్రుతి చెయ్యడం ఎవడైనా చేస్తాడు అల్లుడూ. నేను గోడకి శ్రుతి చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే కదా."

ముసలాయన లేచి, బీరువా అరలోంచి ఒక శ్రుతిదండం తీసుకొచ్చాడు. దాని రెండు కొమ్ములూ కలిసే చోట ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. ఆ రెండిళ్ల కోసమే దాన్ని కిందికి దించుకున్నాడట. దాన్ని మోకాలికి కొట్టి, పిల్ల చెవి దగ్గర పెట్టి నవ్వించి, అల్లుడి చేతికిచ్చాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత చెడగొట్టిన శ్రుతిదండాన్ని ఇంత జాగ్రత్తగా ఎవరు దాచుకుంటారని అతని మొహంలో ఉంది. చివరికి చొక్కా జేబులో పెట్టుకుని, శుక్రవారం పొద్దున్న దుకాణం తెరవకముందే వెళ్లొస్తానని, ఎవరికీ చెప్పొద్దని, మూత లోపల మాత్రం సంతకం చెయ్యనని అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చి ఆమె బల్ల ముందు నిలబడి, "పాడుచేసి వచ్చానక్కా, చాలా బాగా పాడుచేశాను," అన్నాడు. దర్జీ ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదట. సంతకం చేశావా అని అడిగింది. మణికట్టు గుడ్డ సర్దుకుంటూ వెళ్లిపోయాడు. చేశాడన్నమాట.

ఆ సాయంత్రం ఆమె గడియారం వంక చూస్తూ కూర్చుంది. దుకాణం మూసి అందరూ వెళ్లిపోయిన చాలాసేపటికి దర్జీ ఫోన్ చేశాడు.

"ఫిర్యాదు కాదమ్మా. పియానో ఎప్పట్లాగే ఉంది, మీవాడి చెయ్యి చల్లగా ఉండాలి. వాయించాను. చాలాసేపు వాయించాను. వారు మూత తియ్యలేదు."

రేపు తీస్తారేమోనంది. అవునమ్మా, తీస్తారేమో అన్నాడు ఆయన, ఆమెని ఓదారుస్తున్నట్టు. ఆమె ఉద్యోగంలో ప్రతి పేచీకీ ఏదో ఒక సర్దుబాటుంది, సగం తగ్గించడమో, ఇంకోసారి పంపించడమో. చెడిన అలవాటుకి ఏం తిరిగివ్వాలో ఎవరూ నేర్పలేదు. గదికి వెళ్లాక కూడా ఆ ముసలాయన గురించే బెంగ పెట్టుకుంది. లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

శనివారం సాయంత్రం ముందుగదిలో దీపాలు ఆర్పేస్తుంటే ఫోన్ మోగింది. ఒక ఆడమనిషి. వయసు మళ్లుతున్న గొంతు, రోజంతా ఎవరితోనో మాట్లాడి అలసిపోయిన గొంతు. మందుల షాపులో పనిచేస్తానండీ, ఇప్పుడే ఇంటికొచ్చాను, నా పియానో శ్రుతిని పైకెత్తించాలి అంది. ఎంతయినా కడతాను, బేరమాడను అని కూడా అంది.

ఇన్నేళ్లలో బేరమాడనని తనంతట తను చెప్పిన మొదటి మనిషి. సర్దుబాటమ్మ కాగితం తీసుకుని చిరునామా అడిగింది. ఆవిడ చెప్పింది. దర్జీ ఇంటి వెనక వీధి. సర్దుబాటమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఏమైందండీ మీ పియానోకి?" అంది, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"ఏమైందో తెలీదు. ఉన్నట్టుండి పాడైపోయింది. పాతదండీ, ఇన్నాళ్లూ బాగానే ఉన్నట్టుండేది. ఈ మధ్య వాయిస్తే..." ఆవిడ ఆగింది. "పక్కన వినేవాళ్లకి బాధగా ఉండేలా ఉంది. అందుకే మూడు రోజులుగా మూత తియ్యలేదు. తొందరగా పంపిస్తారా?"

తప్పు తనదేననుకుంది ఆవిడ. అవతల ఆయన తన పియానోని కిందికి దించుకుంటే, ఇవతల ఈవిడ తన పియానోని పైకెత్తించాలనుకుంటోంది. ట్యూనర్‌ని పంపితే తీగలు తెగుతాయి. పంపకుండా నిజం చెప్పేస్తే, మీ గోడవతల ఒక ముసలి దర్జీ ఉన్నాడు, మీ కోసం ఇలా చేశాడని చెప్పాలి. చెబితే రేపు తలుపు తడతారు, పొరుగువాళ్లైపోతారు. ఆయన దాచుకున్నది బయటపెట్టే హక్కు తనకి లేదనుకుంది సర్దుబాటమ్మ. ఆమెకి తెలిసిన పద్ధతి ఒకటే ఉంది.

"పంపే ముందు ఒకసారి నాకు వినిపించండి. ఫోను పియానో మీద పెట్టి, మీరు రోజూ వాయించేదేదో వాయించండి."

"ఇప్పుడొద్దండీ. పక్కకి వినిపిస్తుంది."

"కొంచెమే. నాకోసం."

అవతల ఏదో జరిపిన చప్పుడు. మూత తెరిచిన చప్పుడు. ఫోనుని చెక్క మీద పెట్టినట్టు టక్కుమంది. తర్వాత కింది మెట్ల మీద ఒక వరస, భయం భయంగా, ఎవరో నిద్రపోతున్న గదిలో నడుస్తున్నట్టు. పైవరస కోసం ఖాళీలు వదులుతూ వెళ్లే వాయింపు అది. విడిగా వింటే అసలు పాటలాగే లేదు. శ్రుతి కిందికి ఉంది, అయినా దానికది పొందిగ్గా ఉంది. మీ పియానో బాగానే ఉందండీ, ఒక్క పైసా ఖర్చు పెట్టకండి అని చెప్పి ముగించడానికి ఇది చాలు. సర్దుబాటమ్మ నోరు తెరిచింది.

అప్పుడు ఎక్కడో దూరంగా, పెట్టెలోంచి వచ్చినట్టు, ఇంకో పియానో వినిపించింది.

ఆవిడ ఆపేసింది. అది కూడా ఆగింది. ఫోనులో ఆవిడ ఊపిరి తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ దూరం నుంచి ఒకే ఒక్క మెట్టు. మళ్లీ అదే మెట్టు. మళ్లీ అదే, ఆగి ఆగి, జ్వరంతో పడుకున్న మనిషిని లేపుతున్నట్టు. ఈసారి పిలుస్తున్నది దర్జీ.

చాలాసేపటికి ఆవిడ అదే మెట్టుని తన వైపు నుంచి నొక్కింది. రెండూ ఒకటే. ఎక్కడా తేడా లేదు, ఇసుక లేదు. ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఒక చిన్న చప్పుడు వచ్చింది. మళ్లీ కింది వరస మొదలైంది, దాని మీద పైవరస వచ్చి కూర్చుంది. ఫోను పియానో మీద ఉందని ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది.

యజమాని తాళాలు ఆడించుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఇంకా ఎవరమ్మా, గొడవేనా అని అడిగాడు. సర్దుబాటమ్మ రిసీవర్ కింది భాగాన్ని అరచేత్తో మూసింది.

"గొడవేనండీ. ఇప్పుడప్పుడే తేలేలా లేదు. మీరు వెళ్లండి, షట్టరు నేను దించుకుంటాను."

ఆయన తల ఆడించుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె రిసీవర్‌ని ఎడమ భుజం మీంచి తీసింది. భుజాన్ని కిందికి వదిలి, రెండు చేతులతోనూ దాన్ని చెవికి పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ముందుగదిలో పియానోలన్నీ మూతలు వేసుకుని చీకట్లో ఉన్నాయి. ఎప్పుడూ అనే మాట ఆమె ఆరోజు అనలేదు. వాళ్లు వాయించినంతసేపూ వింటూ కూర్చుంది.